ఏ ఊరో చెప్పుకోండి చూద్దాం

ఆ కాగితం మీద ఊరి పేరు లేదు. దిక్కుల గుర్తు లేదు, కొలబద్ద లేదు. ఉపగ్రహం తీసిన చిత్రాన్ని అరచేతి వెడల్పున కత్తిరించి, అక్షరమన్నది లేకుండా చేసి, ఇంటికొచ్చిన వాళ్లను ‘ఇదెక్కడిదో చెప్పుకోండి’ అని వేధించడం నాకో సరదా. ఆ రోజు బల్ల మీదున్న చిత్రంలో నల్లటి మరక ఒకటి ఉంది. ఒకవైపు అంచు విల్లులా కొద్దిగా వంగి, చెక్కినట్టు నున్నగా ఉంది. రెండో వైపు మాత్రం వేళ్లు చాపిన చెయ్యిలా చీలికలు చీలికలు. ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు చాలాసేపు చూసి, ‘ఉల్క పడ్డ గుంటయ్యుంటది మామా, సగం కూలిపోయింది’ అన్నాడు.

మా పెదనాన్న వరంగల్ వైపు పల్లెలో నీరటిగా పనిచేసినాయన. జన్మలో విమానం ఎక్కలేదు. కళ్లజోడు సర్దుకుని, కాగితాన్ని అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, నున్నటి అంచు మీద గోరు పెట్టాడు. ‘ఇగో, ఇది కట్ట. నీళ్లు ఇటుకెల్లి వస్తయి. తూము ఈడ ఉండాలె, కింద పొలం పచ్చగుంది సూడు. మత్తడి ఆ మూలకు.’ ‘ఏ చెరువు పెదనాన్నా?’ అంటే, ‘పేరు తెల్వది గని, దీని కింద ఇంకో చెరువు ఉండాలె. నువ్వే కోసేసినవ్’ అన్నాడు.

నిజమే. కత్తెర పడిన చోటికి కిలోమీటరున్నర దిగువన ఇంకో చెరువుంది.

మేనల్లుడు ఆకారానికి పేరు వెతికాడు. పెదనాన్న నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో వెతికాడు. వాగుకు అడ్డంగా మనిషి వేసింది కట్ట, కాబట్టి అది తీరుగా ఉంటుంది. వెనక్కి ఎక్కిన నీరు పల్లం ఎక్కడుంటే అక్కడికి దూరుతుంది, కాబట్టి రెండో అంచు చీలికలవుతుంది. కట్టకు దిగువనే ఆయకట్టు. ఈ మూడూ కుదిరాక అది చెరువు కాక తప్పదు. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులోకి చేరే గొలుసుకట్టు పద్ధతి దక్కన్ పీఠభూమి అంతటా కనిపిస్తుంది. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం లాంటి పెద్ద చెరువుల నుంచి పేరైనా లేని కుంటల దాకా ఆకాశం నుంచి చూస్తే తెలంగాణ నేల తెగిన పూసల దండలు పరిచినట్టుంటుంది. పూసలన్నీ వాగుల వెంటే.

పైనుంచి తీసిన బొమ్మలో చోటును పోల్చడం గురించి నాకు తెలిసిందంతా ఆ మధ్యాహ్నం ఆయన గోటి కింద ఉంది. ఈ అధ్యాయమంతా దానికి వివరణే అనుకోండి.

మన ఊరిని మనం ఎప్పుడూ పక్కనుంచే చూశాం. గుమ్మం, గోడ రంగు, వేపచెట్టు, సందు మలుపులో కిరాణా కొట్టు. ఇల్లు అంటే మన మనసులో ఉండేది ఇవే. ఆకాశం నుంచి చూసినప్పుడు ఇవన్నీ మాయమై ఎన్నడూ చూడని ఇంటి కప్పు మిగులుతుంది. వేపచెట్టు గరుకు గరుకు ఆకుపచ్చ చుక్కయి కూర్చుంటుంది. పరిమాణం, దిక్కు, ఎత్తు మూడూ ఒక్కసారే చేజారిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా రాబట్టుకోవాలి.

పరిమాణం అన్నిటికంటే తేలిక. లోకమంతా ఒకే కొలతతో కట్టే వస్తువును వెతకాలి. పరుగు పందేల మైదానం అందులో బంగారం లాంటిది. టోక్యోలోనైనా గుంటూరులోనైనా లోపలి వరుస చుట్టుకొలత 400 మీటర్లే. రైలు నిలబడి ఉంటే ఇంకా మేలు, మన కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె ఒక్కోటి 24 మీటర్లకు కాస్త తక్కువ. ఆట మైదానాలు కొలతతో పాటు దేశం జాడ కూడా చెబుతాయి. పచ్చటి గుండ్రటి మైదానం నడిబొడ్డున 20 మీటర్ల లేత గోధుమరంగు పట్టీ కనిపిస్తే అక్కడ క్రికెట్ ఆడతారు, అంటే చాలావరకు బ్రిటిష్ వాడు ఒకప్పుడు అడుగుపెట్టిన నేల. విసనకర్ర ఆకారంలో ఒక మూల ఎర్రమట్టి తేలితే అది బేస్‌బాల్. అమెరికా, క్యూబా, జపాన్ వైపు మనసు పోవాలి.

దిక్కుకూ ఎత్తుకూ ఆధారం ఒక్కటే, నీడ. సూర్యుడు సరిగ్గా 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నీడ ఎంత పొడవో వస్తువు అంత ఎత్తు. మిగతా వేళల్లో ఓ చిన్న గుణకారం చేసుకోవాలి. కర్కాటక రేఖకు ఉత్తరాన మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది, మకర రేఖకు దక్షిణాన దక్షిణానికే. చాలా పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆగిపోతాయి. మనం మాత్రం ఆగకూడదు, ఎందుకంటే ఆ రెండు రేఖల మధ్య ఉన్నది మనమే. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో ఒక రోజు, ఆగస్టు మొదటి వారంలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు. నిటారు స్తంభానికి నీడే ఉండదు. ఆ రెండు రోజుల మధ్య సూర్యుడు మనకు ఉత్తరంగా నడుస్తాడు, మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది. జూన్‌లో తీసిన చార్మినార్ చిత్రం చేతిలో పెట్టి నీడను బట్టి చెప్పమంటే, బడిలో చదివిన సూత్రాన్ని నమ్ముకున్నవాడు దాన్ని భూమధ్యరేఖ అవతలకు తోసేస్తాడు. నేనూ ఒకసారి తోశాను.

నీడతో ఇంకో మాయ ఉంది. వెలుతురు పైనుంచి పడుతుందని మన మెదడుకు గట్టి నమ్మకం, పుట్టినప్పటి నుంచీ అలాగే చూస్తోంది మరి. ల్యాండ్‌శాట్ లాంటి ఉపగ్రహాలు ఏ చోటి మీదికైనా ఉదయం పది గంటల ప్రాంతంలో వస్తాయి. ఉత్తరార్ధగోళంలో చాలాచోట్ల అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. ఉత్తరాన్ని పైకి పెట్టి అచ్చేసిన చిత్రంలో వెలుతురు కింది నుంచి వచ్చినట్టవుతుంది. మెదడు ఒప్పుకోదు. అది కొండను లోయగా, లోయను కొండగా తిరగేసి చూపిస్తుంది. నదులు శిఖరాల మీద పారుతున్నట్టుంటాయి. విరుగుడు చాలా చవక, కాగితాన్ని తలకిందులు చేయడమే. పెదనాన్న కాగితం అటూ ఇటూ తిప్పింది ఇందుకేనని నేననను. కానీ తిప్పాడు.

నీడ, కొలత, పొరుగు (అంటే చుట్టూ ఏముందన్నది) అనే మూడింటితో ఎంత దూరం వెళ్లవచ్చో చెప్పడానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ఉదంతం కంటే మంచిది నాకు దొరకలేదు. ఇంగ్లండ్‌లో మెడ్మెన్‌హామ్ అనే చోట, థేమ్స్ ఒడ్డునున్న పెద్ద బంగళాలో, శత్రు భూభాగం మీద విమానాలు తీసుకొచ్చిన ఫొటోలను చదివే కేంద్రం ఉండేది. ఒక్కో ఫొటో ముందుదాన్ని సగానికి పైగా కప్పుతూ ఉండేలా తీస్తారు. జంట కటకాల స్టీరియోస్కోపు కింద రెండూ పక్కపక్కన పెడితే ఇళ్లు, చెట్లు, పొగగొట్టాలు కాగితంలోంచి నిటారుగా లేచి నిలబడతాయి. మన రెండు కళ్ల మధ్య ఎడం రెండున్నర అంగుళాలే. విమానం రెండు ఫొటోల మధ్య వందల గజాలు జరుగుతుంది. రాక్షసుడి కళ్లతో చూసినట్టన్నమాట, అందుకే చిన్న గోడ కూడా గోపురమంత లేచి కనిపిస్తుంది.

అక్కడ విమానాల విభాగాన్ని నడిపినామె కాన్‌స్టన్స్ బాబింగ్‌టన్ స్మిత్. యుద్ధానికి ముందు ఆమె విమానాల గురించి పత్రికకు వ్యాసాలు రాసేది. జర్మన్లు ఏదో కొత్త రహస్యాయుధం తయారుచేస్తున్నారని వేగుల కబురు. మామూలు యుద్ధ విమానం కంటే కూడా చిన్నదైన విమానం ఏదైనా కనిపిస్తుందేమో చూడమని ఆమెకు చెప్పారు. 1943 నవంబర్ 28న బాల్టిక్ తీరంలోని పీనముండె మీదుగా వెళ్లిన మాస్కిటో విమానం కొన్ని ఫొటోలు తెచ్చింది. విమానాశ్రయం అంచున, సముద్రం పక్కన ఏటవాలు కట్టడాలు కొన్ని కనిపించాయి. అవి అంతకుముందు ఫొటోల్లోనూ ఉన్నాయి. తీరంలో పూడిక తీసే యంత్రాల తాలూకువని చూసినవాళ్లు అనుకుని వదిలేశారు. పొరపాటు సహజమే. సముద్రపు ఒడ్డున ఇసుకలో ఏటవాలు కనిపిస్తే పూడికతీతే గుర్తొస్తుంది.

బాబింగ్‌టన్ స్మిత్ ఆ ఏటవాలు మీద భూతద్దం పెట్టింది. వాలు దిగువ కొసన, మిల్లీమీటరు కూడా లేని శిలువ గుర్తు ఒకటి. చిట్టి మొండెం, అడ్డంగా రెండు రెక్కలు, సముద్రం వైపు ముఖం. అది విడిగా నేల మీద పడి ఉంటే పాత విమానం ముక్క అనుకోవచ్చు. వాలు మీద ఎక్కి ఉంది కాబట్టే దాని అర్థం మారిపోయింది. ఇది మనిషి లేకుండా ఎగిరే విమానం, ఆ వాలు దాన్ని విసిరే ఉండేలు. అదే సమయంలో ఉత్తర ఫ్రాన్స్‌లో అడవుల పక్కన ఒకే తీరు కట్టడాలు వరుసగా లేస్తున్నాయి. కొస వంగిన, మంచు మీద జారే బల్లను పక్కకు పడుకోబెట్టినట్టుండే పొడుగు గదులు, వాటి దగ్గర ఇవే ఏటవాలు కట్టడాలకు పునాదులు. ఆ పునాదులు చూస్తున్నది లండన్ వైపు. వీ-1 బాంబుగా లోకం తర్వాత తెలుసుకున్న ఆయుధం ఎక్కడి నుంచి బయల్దేరబోతోందో అలా ముందే తెలిసింది. ఆ చోట్ల మీద బాంబుల వర్షం కురిసింది. లండన్ మీద మొదటి వీ-1 పడింది 1944 జూన్ 13న. ఆరు నెలల గడువు దొరికిందన్నమాట. ఆయుధం ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ బొమ్మ గీసి చూపించలేదని గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధం సంగతి పక్కన పెట్టి పొలాల్లోకి వద్దాం. నేలను మనుషులు ఎలా పంచుకున్నారన్నది ఆకాశం నుంచి చూసేవాడికి దొరికే పెద్ద ఆధారం. 1785లో అమెరికా పడమటి నేలలను అమ్మకానికి పెట్టేందుకు ఒక చట్టం చేసింది. కొండా కోనా చూడకుండా దేశం మీద మైలు పొడవు, మైలు వెడల్పు చదరాల వల పరిచారు. చదరంలో నాలుగో వంతు 160 ఎకరాలు. 1862లో సాగుదారులకు నేల ఉచితంగా ఇచ్చినప్పుడు ఇంటికి ఇంతేనన్న లెక్క. విమానం కిటికీలోంచి కాన్సాస్ గళ్ల లుంగీలా కనబడటానికి కారణం ఇది. 1952లో ఫ్రాంక్ జైబాక్ అనే రైతు ఒక యంత్రానికి పేటెంట్ పొందాడు. బోరుబావి దగ్గర ఒక కొస బిగించి, చక్రాల మీద నిలబెట్టిన పొడుగాటి గొట్టం గడియారం ముల్లులా తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. 400 మీటర్ల గొట్టం తిరిగితే 800 మీటర్ల వృత్తం, అది 160 ఎకరాల చదరంలో అతికినట్టు సరిపోతుంది. నాలుగు మూలలు ఎండిపోతాయి.

ఇప్పుడు చిత్రంలో పచ్చటి వృత్తాలు కనిపించాయనుకోండి. ‘అమెరికా’ అని అరవకండి, వృత్తం చుట్టూ చూడండి. చదరంలో ఇమిడి, చదరం పక్కన చదరంగా మట్టి రోడ్లుంటే అమెరికా. చుట్టూ గళ్లు లేవు, ఇసుకలో బిళ్లలు విసిరేసినట్టు వృత్తాలు తేలుతున్నాయి, ఒక్కోటి కిలోమీటరు దాకా ఉంది అంటే లిబియాలోని కుఫ్రా కావచ్చు, సౌదీలోని వాదీ సిర్హాన్ కావచ్చు. యంత్రం రెండు చోట్లా ఒకటే. ఏ ఊరిదో చెప్పింది దాని కింద ఉన్న పాత గీతలు.

కెనడాలో క్యుబెక్ దగ్గర సెయింట్ లారెన్స్ నది ఒడ్డున పొలాలు దువ్వెన పళ్లలా ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, అన్నీ నదికి అడ్డంగా. ఫ్రెంచి వాళ్లు అక్కడ స్థిరపడినప్పుడు నదే రోడ్డు, ప్రతి ఇంటికీ రేవు కావాలి. నలుగురు అన్నదమ్ములు కాలువ గట్టు పొలం పంచుకునేటప్పుడు అందరికీ కాలువ కొస దక్కాలని నిలువు చీలికలు చేస్తారు చూడండి, ఆ తెలివే. బొలీవియాలో శాంటా క్రూజ్‌కు తూర్పున అడవి కొట్టి కొండ జనాన్ని తెచ్చి దింపినప్పుడు పొలాలను పిజ్జా ముక్కల్లా కోశారు. నడిమధ్య బడి, చర్చి, ఫుట్‌బాల్ మైదానం, చుట్టూ మొనలు లోపలికి తిరిగిన పొలాలు. బ్రెజిల్‌లోని రొండోనియాలో పెద్ద రోడ్డు నుంచి చిన్న రోడ్లు, వాటి వెంట నరికిన అడవి కలిసి చేప ముల్లు అయ్యాయి. ఇవి ఒకసారి చూస్తే మరిచిపోయేవి కావు.

వింత ఆకారాలే మనిషిని దారి తప్పిస్తాయని నా అనుభవం. మౌరిటేనియా ఎడారిలో రిషాత్ అనే చోట సుమారు 40 కిలోమీటర్ల అడ్డుకొలతతో, ఒకదానిలో ఒకటి అమరిన రాతి వలయాలున్నాయి. కిందనున్నవాడికి అవి మామూలు గుట్టలే. 1965లో జెమిని-4 వ్యోమగాములు ఫొటో తీశాక లోకం కళ్లు దాని మీద పడ్డాయి. ఇంత గుండ్రంగా ఉందంటే ఉల్క పడి ఉండాలని చాలామంది అనుకున్నారు. నేల మీదికెళ్లి రాళ్లు ఏరిన భూవిజ్ఞానులకు ఆ దెబ్బ తాలూకు గుర్తులు దొరకలేదు. పొరలు పొరల రాయి లోపలి నుంచి గుమ్మటంలా ఉబ్బింది, దాని నెత్తిని గాలీ నీరూ కోసేశాయి. ఉల్లిపాయను అడ్డంగా కోస్తే వలయాలు కనిపించినట్టే. గట్టి క్వార్ట్‌జైట్ పొరలు అరగక గట్లుగా మిగిలాయి.

మన మహారాష్ట్రలోని లోణార్ కథ దీనికి సరిగ్గా తిరగేసినది. 1.8 కిలోమీటర్ల గుండ్రటి గుంట, అడుగున ఉప్పునీటి సరస్సు. చుట్టూ ఉన్నదంతా లావా గడ్డకట్టిన నల్లరాయి కాబట్టి ఇదీ అగ్నిపర్వతం పనే అని చాలాకాలం అనుకున్నారు. భయంకరమైన తాకిడిలో తప్ప పుట్టని గాజు ఖనిజం అక్కడి రాళ్లలో 1970ల్లో దొరికాక అది ఉల్క చేసిన గాయమని ఒప్పుకున్నారు. ఒక చోట గుండ్రం చూసి ఉల్క అన్నారు, ఇంకో చోట పొరుగు చూసి అగ్నిపర్వతం అన్నారు, రెండూ తప్పాయి. పొరుగును చూడమని ఇందాకటి నుంచీ ఊదరగొడుతున్న నాకు లోణార్ కాస్త ఇబ్బందికరమైన ఉదాహరణే.

2020 జూన్‌లో ఆ సరస్సు ఉన్నట్టుండి గులాబీ రంగుకు తిరిగింది. నీరు తగ్గి ఉప్పు చిక్కబడి, ఉప్పంటే ఇష్టపడే సూక్ష్మజీవులు పెరగడం వల్ల. అందుకే రంగును బట్టి పేరు పెట్టడం ప్రమాదం. ఉపగ్రహ చిత్రాల్లో రంగు మనకు తెలిసిన రంగు అయ్యుండాలని కూడా లేదు. చాలా చిత్రాల్లో పచ్చటి పొలం రక్తంలా ఎర్రగా ఉంటుంది. బతికున్న ఆకు మన కంటికి ఆనని పరారుణ కాంతిని గట్టిగా వెనక్కి కొడుతుంది. ఆ కాంతికి చిత్రంలో ఎరుపు కేటాయించడం ఆనవాయితీ. ఈ కిటుకు యుద్ధంలోనే పుట్టింది. ట్యాంకుల మీద నరికిన కొమ్మలు కప్పితే కంటికి పచ్చగానే ఉంటాయి గానీ, వాడుతున్న కొద్దీ పరారుణ కాంతిని పట్టే ఫిల్ము మీద ఎరుపు తగ్గిపోతుంది. పెళ్లి పందిరి మీది ఆకులకూ పెరట్లో చెట్టుకూ తేడా కనిపెట్టే కన్ను అది. 1970లో పిషారత్ రామ పిషారటి బృందం హెలికాప్టరులో ఈ ఫిల్ము పెట్టుకుని కేరళలో కొబ్బరి తోటల మీద ఎగిరి, వేరు తెగులు పట్టిన చెట్లను పైనుంచి వేరు చేసింది. మన దేశంలో దూరసంవేదన మొదలైంది కొబ్బరి చెట్ల నెత్తిమీద అనవచ్చు.

అయినా జాగ్రత్తగా చదివితే రంగు ఊరి పేరుతో పాటు నెల పేరు కూడా చెబుతుంది. గోదావరి డెల్టాలో దమ్ము చేసి నీరు పెట్టినప్పుడు మడి ముదురు నీలం, నాట్లు కుదురుకుని దుబ్బు కట్టాక ఎరుపు, కోతలయ్యాక లేత బూడిద. పక్కనే కొల్లేరు వైపు జరిగితే ఈ చక్రం తిరగదు. అక్కడ సంవత్సరమంతా నల్లగా, నీలంగా ఉండే నలుచదరాలు కనిపిస్తాయి, గట్లు తాడు పట్టి గీసినట్టుంటాయి. అవి చేపల చెరువులు. సహజమైన సరస్సుకు మూలలుండవు. 2006లో, సరస్సు హద్దుగా పెట్టిన ఐదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఆ చదరాలు చెరిగి, తూటికాడ పరుచుకున్న పాత కొల్లేరు అంచులేని మరకలా మళ్లీ తేలడం, ముందువీ తర్వాతవీ చిత్రాలు పక్కన పెట్టుకుంటే పిల్లవాడికైనా తెలుస్తుంది.

అయితే ఎంత చిన్నది కనిపిస్తుందన్నది కెమెరాను బట్టి ఉంటుంది. 1988 మార్చి 17న బైకనూర్ నుంచి ఎగిరిన మన తొలి పూర్తిస్థాయి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఎ లోని మెరుగైన కెమెరాకు ఒక్కో చుక్క 36 మీటర్లు. అంటే 13 గుంటల నేల ఒకే రంగు చుక్క. రెండో కెమెరాకైతే ఎకరం పైన 12 గుంటలు. ఇల్లు లేదు, బాట లేదు, బావి లేదు. 2019లో ఎగిరిన కార్టోశాట్-3 చుక్క పావు మీటరు. బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం వాళ్లు ఎంత మంచి చిత్రం వచ్చినా అనుమానం తగిలిన చోటుకు మనిషిని పంపుతారు. ‘గ్రౌండ్ ట్రూత్‌కు వెళ్లొచ్చాం’ అంటారు. ఎండలో పొలం గట్టు మీద నిలబడి, చిత్రంలో చుక్క జొన్నా, మొక్కజొన్నా అని చూసి రాసుకోవడమే ఆ పని.

ఈ విద్యను ఇప్పుడు సాధారణ జనం చేతబట్టారు. 2018లో ఆఫ్రికా నుంచి ఒక వీడియో బయటికొచ్చింది. సైనిక దుస్తుల్లోని మనుషులు ఇద్దరు ఆడవాళ్లను, ఇద్దరు పిల్లలను నడిపించుకుపోయి కాల్చి చంపారు. కామెరూన్ ప్రభుత్వం అది తమ దేశం కాదంది. బీబీసీ ఆఫ్రికా విభాగంతో కలిసి కొందరు పరిశోధకులు వీడియోలో వెనకనున్న కొండల వరుసను పట్టుకున్నారు. ఆ గీతే ఉత్తర కామెరూన్‌లో జెలెవెట్ అనే ఊరి దగ్గర ఉపగ్రహ చిత్రాలతో కలిసింది. ఎప్పుడన్నది తేల్చడానికి పాత చిత్రాలు తీశారు. వీడియోలో ఉన్న ఇల్లు ఏ చిత్రం నుంచి ఉంది, ఏ చిత్రం తర్వాత లేదు? వాళ్లు నడిచిన కాలిబాట ఎండాకాలంలో మాత్రమే తేలుతుంది. చివరికి నడుస్తున్న సైనికుల నీడలనే గడియారంగా, పంచాంగంగా వాడారు. 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య అని తేలింది. 2020లో అక్కడి సైనిక న్యాయస్థానం నలుగురికి పదేళ్ల చొప్పున శిక్ష వేసింది.

నాకు మాత్రం ఈ విద్యలో అందరికంటే గొప్పవాడు సరూ బ్రయర్లీ. ఐదేళ్ల వయసులో, 1986లో, అన్నతో కలిసి రైలెక్కి ఒక స్టేషన్లో దిగాడు. అన్న ఇప్పుడే వస్తానని వెళ్లాడు. పిల్లవాడు బల్ల మీద నిద్రపోయి, లేచి, ఆగి ఉన్న పెట్టెలోకి ఎక్కి మళ్లీ నిద్రపోయాడు. కళ్లు తెరిచేసరికి రైలు పోతోంది. అది కోల్‌కతాలో ఆగింది. ఊరి పేరు అడిగితే ‘జినెస్ట్‌లే’ అన్నాడు, ఎవరికీ అర్థం కాలేదు. మరుసటి సంవత్సరం ఆస్ట్రేలియా దంపతులు దత్తత తీసుకుని టాస్మేనియాకు తీసుకెళ్లారు.

పెద్దయ్యాక గూగుల్ ఎర్త్ తెరిచి రాత్రులు కూర్చున్నాడు. గుర్తున్నవి కొన్నే. అన్న మాయమైన స్టేషన్ పేరు ‘బేరంపూర్’ లాంటిది. ఆ మాట వింటే మన తెలుగువాళ్లకు గంజాం జిల్లా బరంపురం గుర్తొస్తుంది. బెంగాల్‌లో ఇంకోటి ఉంది. రెండూ అతను వెతుకుతున్న చోటు కాదు. స్టేషన్ పక్కన నీళ్ల ట్యాంకు, పట్టాల మీదుగా కాలినడక వంతెన. సొంత ఊళ్లో ఆడుకున్న నదికి ఆనకట్ట. ఇవన్నీ మూడడుగుల ఎత్తు నుంచి చూసినవి. ట్యాంకును పైనుంచి చూస్తే గుండ్రటి బిళ్లా, పక్కన నీడా. వంతెన పట్టాలకు అడ్డంగా సన్నటి పుల్ల. పిల్లవాడి కళ్లతో దాచుకున్నదాన్ని ఆకాశపు చూపులోకి అతను ఒక్కడే తర్జుమా చేసుకోవాలి. రైల్లో గడిపిన గంటలను వేగంతో గుణించి, కోల్‌కతా చుట్టూ వృత్తం గీసి, అక్కడి నుంచి బయల్దేరే పట్టాలను ఒక్కొక్కటిగా పట్టుకుని వెనక్కి నడిచాడు. పట్టాలను ఎంచుకోవడంలోనే ఉంది తెలివంతా. రోడ్డు సందుల్లోకి చీలుతుంది, నది వంకర్లు పోతుంది. రైలు పట్టా మాత్రం అటూ ఇటూ పోదు, స్టేషన్లు వరుస తప్పవు.

2011లో ఒక రాత్రి నీళ్ల ట్యాంకు, కాలినడక వంతెన ఉండాల్సిన చోట ఉన్న స్టేషన్ ఒకటి తగిలింది. మధ్యప్రదేశ్‌లోని బుర్హాన్‌పూర్. అక్కడి నుంచి పట్టా వెంట సుమారు 70 కిలోమీటర్లు పోతే ఖండ్వా. ఆనకట్ట ఉంది. స్టేషన్ నుంచి ఇంటికి నడిచే దారిలో ఏ మలుపు తర్వాత ఏ మలుపో తెర మీద వేలితో నడిచి చూసుకున్నాడు. ఆ పేట పేరు గణేశ్ తలాయ్. పిల్లవాడి నోట అది జినెస్ట్‌లే అయింది.

2012 ఫిబ్రవరిలో అతను ఖండ్వాలో ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. తలుపుకు తాళం వేసి ఉంది, ఎన్నాళ్లుగానో ఎవరూ లేనట్టు. హిందీ మరిచిపోయాడు, చేతిలో చిన్నప్పటి ఫొటో ఉంది. ఇద్దరు ముగ్గురు పోగయ్యారు. వాళ్లలో ఒకడు ఫొటో చూసి, కాస్త ఆగమని చెప్పి వెళ్లి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. రా, మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను అన్నాడు. ఆమె ఆ పేట వదిలిపోలేదు. ఆ సందులోనే, కొద్ది అడుగుల దూరంలో, వేరే ఇంట్లో ఉంది.